ఆ పాప ఎవరి అప్పుకూ చెల్లింపు కాదమ్మా

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. పుట్టిల్లు జ్ఞానాపురం, ఆర్‌.సి.ఎం. (రోమన్ కతోలిక) కుటుంబం. మూడేళ్ల కిందట ఇంట్లో చెప్పకుండా వచ్చేసి పెళ్లి చేసుకున్నాను. మా ఆయనవాళ్లు గాజువాకలో ఒక స్వతంత్ర ప్రొటెస్టంటు సంఘానికి వెళతారు. వచ్చేటప్పుడు అమ్మ మూడు కాసుల గొలుసు తెచ్చేశాను. దాన్ని తాకట్టు పెట్టి అద్దె ఇంటికి అడ్వాన్సు కట్టాం. ఏడాది తిరక్కుండా నాన్న పోయారు. ఆయన్ని పెట్టెలోనే చూశాను. మొన్న సంక్రాంతి ముందు, ఎనిమిదో నెలలో, మా పాప కడుపులోనే చనిపోయింది. శుక్రవారం ఉపవాస కూటంలో ఒక పెద్దావిడ, "దావీదు పాపానికి అతని బిడ్డ పోలేదా? నువ్వు కన్నవాళ్లను ఏడిపించావు, దేవుడు లెక్క సరిచేసుకున్నాడు" అన్నారు. అత్తయ్య పక్కనే ఉండి "రక్తం చిందకుండా క్షమాపణ లేదు" అని వాక్యం చెప్పి ఊరుకున్నారు. అమ్మేమో ఫోన్లో, జ్ఞానస్నానం లేకుండా పోయిందే, దాని ఆత్మకు గుడిలో పూజ (దివ్యబలి) పెట్టిద్దాం అని ఏడుస్తుంది. పూజ అంటే క్రీస్తును మళ్లీ బలి ఇవ్వడమే, తప్పు అంటారు అత్తయ్యవాళ్లు. యేసు ఒక్కసారే అందరి పాపాలకూ చెల్లించాడని ప్రతి ఆదివారం పాడతాం కదా. మరి నా దగ్గర దేవుడు మళ్లీ ఎందుకు తీసుకున్నాడు? గొలుసు విడిపించి బీరువాలో బట్టల కింద పెట్టాను. వేసుకోలేను, ఇవ్వలేను. ఏం చేయమంటారు?
ఒక సోదరి, గాజువాక

జవాబు:

అమ్మా,

మీ ఉత్తరం వచ్చి పది రోజులైంది. రాయడానికి కూర్చున్నప్పుడల్లా లేచిపోయాను. మిగతావన్నీ తర్వాత మాట్లాడుకుందాం, ముందు మీరు అడిగినదానికి సూటిగా చెప్పేస్తాను. దేవుడు మీ పాపను మీ తప్పు కింద జమ కట్టుకోలేదు. బలి గురించి, ప్రాయశ్చిత్తం గురించి క్రైస్తవులు రెండు వేల ఏళ్లుగా రకరకాలుగా వాదించుకుంటున్నారు. వాటిలో ఏ వాదం పట్టుకున్నా ఆ పెద్దావిడ అన్న మాటకు దారి లేదు. ఎందుకు లేదో చెప్పడానికే ఇంత పొడుగు జవాబు.

ఉత్తరంతోపాటు డిశ్చార్జి కాగితం ఫోటో కూడా పంపారు. అందులో డాక్టరమ్మ రాసింది మీకెవరైనా తెలుగులో చెప్పారో లేదో. మీకు బీపీ బాగా పెరిగింది, దాంతో మాయ ముందుగానే విడిపోయింది అని ఉంది. మాయ విడిపోతే బిడ్డకు తల్లి నుంచి ప్రాణవాయువు అందదు. జరిగింది ఇదీ. మీరు ఇల్లు వదిలి రావడానికీ దీనికీ సంబంధం లేదు. మళ్లీ నెల తప్పినప్పుడు ఆలస్యం చేయకుండా ఈ కాగితం పట్టుకుని వెళ్లండి. మొదటి నెలల నుంచీ బీపీ చూస్తూ, అవసరమైతే మందు కూడా ఇస్తారు. ఈ కాగితం పారేయొద్దు, ఏ ప్రసంగం కన్నా మీకు అదే ముఖ్యం.

ఇక దావీదు సంగతి. రెండో సమూయేలు 12వ అధ్యాయం తీసి నెమ్మదిగా చదవండి. దావీదు ఒకడి భార్యను తెచ్చుకున్నాడు, ఆ మనిషిని యుద్ధంలో ముందు నిలబెట్టి చంపించాడు. నాతాను ప్రవక్త వచ్చి మొహం మీదే చెప్పాడు. ఒక రాజుకి, ఒక హత్య విషయంలో, ఒక ప్రవక్త నోట వచ్చిన మాట అది. ఆ కథ నాకూ మింగుడు పడదు. ఆ పసివాడు ఏం చేశాడని అడిగే ప్రతి తల్లి పక్కనా నిలబడతాను. కానీ దాన్ని తీసుకొచ్చి బిడ్డను పోగొట్టుకున్న ప్రతి ఆడదాని మీదా మోపడానికి వీల్లేదని ఆ బైబిలే చెబుతోంది. యెహెజ్కేలు 18వ అధ్యాయం మొత్తం దీని గురించే: తండ్రులు ద్రాక్షకాయలు తింటే పిల్లల పళ్లు పులిశాయన్న సామెత ఇక మీ నోట రాకూడదని. పుట్టుగుడ్డివాణ్ణి చూసి, పాపం వీడిదా, కన్నవాళ్లదా అని శిష్యులు అడిగితే యేసు ఏమన్నాడు? "వీడైనను వీని కన్నవారైనను పాపము చేయలేదు." సిలోయము గోపురం కూలి 18 మంది చనిపోయినప్పుడూ అంతే, వాళ్లు మిగతావాళ్ల కన్నా పాపులనుకుంటున్నారా, కాదు అన్నాడు. ఆ కూటంలో ఎవరైనా మళ్లీ దావీదు పేరెత్తితే ఈ రెండు చోట్లూ (యోహాను 9, లూకా 13) తీసి చూపించండి. చూపించే ఓపిక లేకపోతే కొన్నాళ్లు కూటానికి వెళ్లకండి. దేవుడేమీ అనుకోడు.

మీ అత్తగారు చెప్పిన వాక్యం హెబ్రీ పత్రిక 9వ అధ్యాయం 22వ వచనం. నా దగ్గర మా నాన్న బైబిలు ఉంది, అట్ట ఊడిపోతే గోనె దారంతో కుట్టుకున్నది. ఆ వచనం కింద ఆయన పెన్సిలుతో గీత గీసుకున్నారు, కానీ అందరూ గీసే చోట కాదు. "రక్తము చిందింపకుండ పాప క్షమాపణ కలుగదనియు సామాన్యముగా చెప్పవచ్చును" అని ఉంటుంది. నాన్న గీత "సామాన్యముగా" అన్న మాట కింద ఉంది. ఆ ఒక్క మాటను మన ప్రసంగాల్లో ఎవరూ పలకరు. అది ఎందుకుందో తెలియాలంటే లేవీయకాండము అయిదో అధ్యాయానికి వెళ్లాలి. పాపపరిహారానికి గొర్రెను తేలేనివాడు రెండు గువ్వలు తేవచ్చు. అవీ తేలేని పేదవాడు తూము గోధుమపిండిలో పదో వంతు తెస్తే చాలు. యాజకుడు అందులోంచి పిడికెడు తీసి బలిపీఠం మీద కాలుస్తాడు, వాడికి క్షమాపణ కలుగుతుంది. పిడికెడు పిండి. రక్తం చుక్క లేదు. ధర్మశాస్త్రం రాసిన చోటే, చేతిలో ఏమీ లేనివాడి కోసం దేవుడు ఆ వెసులుబాటు పెట్టాడు. మీ అత్తగారిది చెడ్డ మనసు అనుకోను. ఏం చెప్పాలో తోచనప్పుడు చాలామంది నోటికొచ్చిన వాక్యం చెప్పేసి ఊరుకుంటారు, అది ఎక్కడ గుచ్చుకుంటుందో చూసుకోరు.

అసలు బలి అనగానే శిక్ష అనుకోవడమే మనకు అలవాటైపోయింది. అదే లేవీయకాండము 16వ అధ్యాయంలో ప్రాయశ్చిత్త దినం ఉంటుంది. రెండు మేకలు తెస్తారు. ఒకటి దేవునికి బలి. రెండోదాని తల మీద ప్రధాన యాజకుడు అహరోను రెండు చేతులూ పెట్టి ప్రజల పాపాలన్నీ ఒప్పుకుంటాడు, దాన్ని అడవిలోకి వదిలేస్తారు. గమనించారా, పాపాలు మోసిన మేకను బలి ఇవ్వలేదు. చంపిన మేక నెత్తిన పాపాలు మోపలేదు. దాని రక్తంతో గుడారాన్ని శుద్ధి చేశారు. సమాధానబలి అని ఇంకొకటి ఉంది, దాని మాంసం అర్పించినవాళ్లే కూర్చుని తినాలి. పోలమ్మకు వేట మొక్కుకునే ఇంట్లో పుట్టిన నా స్నేహితురాలు ఒకామెకు ఇది చెబితే, "మా ఇంట్లోనూ అంతే కదే, మొక్కు తీరాక చుట్టాలందరినీ పిలిచి భోజనం పెడతాం, కోపాల మీద ఉన్నవాళ్లు కూడా ఆ రోజు వస్తారు" అంది. బలిలో భోజనం ఉంది, సఖ్యత ఉంది, కృతజ్ఞత ఉంది. ఇవన్నీ పక్కనపెట్టి దెబ్బకు దెబ్బ అన్న లెక్క ఒక్కటే మనం పట్టుకున్నాం.

మాట వల్ల కూడా కొంత చిక్కు వచ్చింది. ప్రాయశ్చిత్తం అన్నది మన దేశంలో బైబిలు కన్నా ముందు నుంచీ ఉన్న మాట. తప్పు చేసినవాడు తనే ఉపవాసాలు, వ్రతాలు చేసి ఆ తప్పు పోగొట్టుకోవడం దాని అర్థం. హీబ్రూలో ఉన్న మాటకు కప్పడం, తుడిచేయడం అనే అర్థాలు చెబుతారు పండితులు. తుడిచే చెయ్యి దేవునిది. తెలుగు చెవికి ప్రాయశ్చిత్తం అనగానే "నేనేదో చెల్లించాలి" అని వినపడుతుంది, మీకు వినపడినట్టే. తెలుగు బైబిలు పనిలో తొలినాటి అడుగుల్లో కొన్ని పడింది మన ఊళ్లోనే. 1805లో జార్జి క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్ అనే ఇద్దరు లండన్ మిషను వాళ్లు విశాఖపట్నం వచ్చి, ఆనందరాయరు అనే ఆయన సాయంతో సువార్తలు తెనిగించడం మొదలుపెట్టారు. ఇద్దరూ అయిదారేళ్లలోపే చనిపోయారు. వాళ్లు అనువదించిన మూడు సువార్తలు 1812లో శ్రీరాంపురంలో అచ్చయ్యాయి. ఒక్కో మాట కోసం ఆ ముగ్గురూ ఎంత తిప్పలు పడి ఉంటారోనని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. పరాయి మాటను మన గుండెల్లోకి తేవాలంటే మన మాటే వాడాలి, మన మాట వాడితే మన పాత అర్థం కూడా వెంట వస్తుంది.

మీ ఇంటి తగువు నాకు కొత్త కాదు. మా అమ్మ ఆర్‌.సి.ఎం., నాన్న బాప్టిస్టు. కోటవీధిలో మా ఇంటి గోడకు రెండు సిలువలు ఉండేవి. అమ్మ సిలువ మీద ప్రభువు ఉండేవాడు, నాన్నది ఉత్త కర్ర. నాన్న "ఆయన లేచిపోయాడు, ఇంకా ఎందుకు వేలాడదీస్తావు" అనేవారు. అమ్మ "ఆయన పడ్డ బాధ మరిచిపోతే లేచాడన్న సంతోషం ఎక్కడిది" అనేది. గుడ్ ఫ్రైడే నాడు అమ్మ నా చెయ్యి పట్టుకుని సిలువ మార్గం ప్రార్థనలు చెబుతూ రాస్ హిల్ ఎక్కేది. నాన్న కింద మెట్ల దగ్గర నీడలో కూర్చుని ఉండేవారు, పైకి వచ్చేవారు కాదు. నాకు తొమ్మిదేళ్లప్పుడు మా తమ్ముడు జ్వరంతో పోయాడు. వాడికి నాలుగేళ్లు. ఆ ఏడాది గుడ్ ఫ్రైడేకి నాన్న మొదటిసారి కొండెక్కారు. గుడి లోపలికి మాత్రం రాలేదు. పిట్టగోడ దగ్గర నిలబడి, డాల్ఫిన్స్ నోస్ పక్క నుంచి రేవులోకి మెల్లగా వస్తున్న ఓడను చూస్తూ ఉండిపోయారు. అమ్మ బయటికి వచ్చాక, "నీ సిలువ మీద ఆయన ఇంకా ఉన్నాడు కదా, ఈ ఏడాది నాకు అదే కావాలనిపించింది" అన్నారు. ఆ తర్వాత కూడా నాన్న బాప్టిస్టుగానే ఉన్నారు. కానీ తమ్ముడు ఎవరి పాపానికి పోయాడని మా ఇంట్లో ఎవరూ అడగలేదు. అడగనివ్వలేదు నాన్న.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న: చెల్లించేశాడంటే మళ్లీ ఎందుకు తీసుకున్నాడు? ఈ "చెల్లింపు" అన్న మాట సువార్తలోనే ఉంది. అనేకులకు ప్రతిగా విమోచన క్రయధనంగా తన ప్రాణం ఇవ్వడానికి వచ్చానని యేసే అన్నాడు. అయితే ఎవరికి చెల్లించాడు? మొదటి శతాబ్దాల్లో ఓరిగెన్ లాంటివాళ్లు, మనం సైతాను చెరలో ఉన్నాం కాబట్టి సైతానుకే అని అనుకున్నారు. నాలుగో శతాబ్దంలో నాజియాంజస్ గ్రెగొరీ అనే బిషప్పు దానికి అడ్డం తిరిగాడు. దొంగకు దేవుడు మూల్యం చెల్లించడమా, అది అవమానం అన్నాడు. పోనీ తండ్రికా? మనల్ని చెరబట్టింది తండ్రి కాదే! అక్కడే ఆయన ఒక మాట అడిగాడు, దాన్ని మీరు మనసులో పెట్టుకోవాలి. అబ్రాహాము ఇస్సాకును కట్టెల మీద పడుకోబెట్టి కత్తి ఎత్తితే ఆపి పొట్టేలును చూపించిన దేవుడు, కొడుకు రక్తం చూసి సంతోషిస్తాడా అని. పదహారు వందల ఏళ్ల కిందటే ఒక బిషప్పు ఈ ప్రశ్న అడిగాడు, సంఘం ఆయన్ని వెలివేయలేదు, పరిశుద్ధుడని పిలుచుకుంది.

ఆ కాలంవాడే, అలెగ్జాండ్రియా బిషప్పు అతనేసియస్, ఇంకో రకంగా చెప్పాడు. ఒక పెద్ద రాజు ఊళ్లోకి వచ్చి ఒక్క ఇంట్లో కాపురం పెడితే చాలు, ఊరంతటికీ గౌరవం వస్తుంది, దొంగలు ఆ ఊరి జోలికి రారు. దేవుడు మన ఒంట్లోకి, మన చావులోకి వచ్చి ఉన్నాడు కాబట్టి చావు బలం విరిగిపోయింది అని. తూర్పు దేశాల ఆర్థడాక్సు సంఘాలు ఇప్పటికీ ఈస్టరు రాత్రి, క్రీస్తు చావును చావుతోనే తొక్కేశాడని పాడతాయి. వాళ్ల సిలువ కథలో శత్రువు మరణం. మీ పాపను తీసుకున్నది కూడా ఆ శత్రువే. నన్నడిగితే, బిడ్డను పోగొట్టుకున్న తల్లికి ఇంతకన్నా దగ్గరి మాట లేదు.

తర్వాత పడమటి దేశాల్లో లెక్క మారింది. 1098 ప్రాంతంలో కాంటర్‌బరీ ఆర్చిబిషప్పు ఆన్సెల్మ్, తన కాలపు దొర-రైతుల భాషలో ఆలోచించాడు. పాపం అంటే దేవుని గౌరవానికి బాకీ పడటం. ఆ బాకీ మనిషి తీర్చాలి, కానీ దేవుడు తప్ప తీర్చగలిగినవాడు లేడు. అందుకే దేవుడే మనిషయ్యాడు. ఇక్కడ ఆన్సెల్మ్ ఒక షరతు పెట్టాడు: బాకీ తీరడమో, శిక్ష పడటమో, ఏదో ఒకటే. తీరాక శిక్ష ఉండదు. ఆయన తర్వాతివాడు అబెలార్డ్, సిలువ దేవుని ప్రేమను చూపించి మన గుండెను కదిలించడానికే అని చెప్పి చాలా తిట్లు తిన్నాడు.

మీ అత్తగారి సంఘంలో వినపడేది ఎక్కువగా 16వ శతాబ్దం నాటి ప్రొటెస్టంటు గురువు కాల్విన్ చెప్పిన పద్ధతి. ఆయన లా చదివినవాడు కాబట్టి కోర్టు భాషలో చెప్పాడు. ముద్దాయి స్థానంలో క్రీస్తు నిలబడ్డాడు, మన శిక్ష ఆయన మీద పడింది. దీన్ని చాలామంది విమర్శించారు. ఇటలీవాడు సొసీనస్, "అప్పు చెల్లిస్తే ఇక క్షమించినట్టు ఎలా అవుతుంది, క్షమిస్తే చెల్లించడం ఎందుకు" అని అప్పుడే అడిగాడు. గట్టి ప్రశ్నే. కోపిష్ఠి తండ్రి, అమాయకుడైన కొడుకు, మధ్యలో మనం అన్నట్టు ఈ మాట ప్రసంగిస్తే నాకూ ఒళ్లు జలదరిస్తుంది. "ఎవడును నా ప్రాణము తీసికొనడు" అని కొడుకే అన్నాడు. దేవుడు క్రీస్తులో ఉండే లోకాన్ని తనతో సమాధానపరచుకున్నాడని పౌలు రాశాడు. చెల్లించిందీ, క్షమించిందీ ఒకే చెయ్యి అన్నమాట. కానీ కాల్విన్ మాటను నేను తీసిపారేయను. నిజంగా తప్పు చేసి రాత్రంతా కంటి మీద కునుకు లేని మనిషికి "నీ కేసు కొట్టేశారు, ఇంటికి వెళ్లు" అన్న మాట ఎంత ఊరటో నాకు తెలుసు. ఇక మీ ప్రశ్న ఆ కోర్టులోనే పెట్టి చూడండి. ఒకే నేరానికి ఇద్దరి దగ్గర శిక్ష వసూలు చేసే న్యాయాధిపతి ఉంటాడా? "కాబట్టి యిప్పుడు క్రీస్తుయేసునందున్నవారికి ఏ శిక్షావిధియు లేదు" అని ఎనిమిదో అధ్యాయం మొదట్లోనే పౌలు రోమీయులకు రాశాడు. ఆ పెద్దావిడ అన్న మాట అందరికన్నా ముందు కాల్విన్ దగ్గరే ఓడిపోతుంది. మీ సంఘంలో పాడే పాటే మీ పక్షాన ఉంది.

ఇన్ని రకాలు ఎలా బతికాయంటే, సంఘం వీటిలో ఏ ఒక్కదాన్నీ ఇదే సరైనదని అందరి మీదా రుద్దలేదు. 325లో మొదలై 381లో ఇప్పటి రూపానికి వచ్చిన విశ్వాసప్రమాణంలో మన కోసం, మన రక్షణ కోసం ఆయన సిలువ వేయబడ్డాడని ఉంది. ఎలా అన్నది లేదు. జ్ఞానాపురం కథీడ్రల్లో చెప్పేదీ ఆ ప్రమాణమే.

మీకు చెప్పాల్సిన వాక్యం ఇంకొకటి ఉంది, మిగతావన్నీ మరిచిపోయినా ఫరవాలేదు. యెరూషలేము పక్కన హిన్నోము లోయలో కొందరు తమ కొడుకులనూ కూతుళ్లనూ అగ్నిలో బలి ఇచ్చేవారు, దేవునికి ఇష్టమనుకుని. యిర్మీయా ఏడో అధ్యాయంలో దేవుడు దాని గురించి, నేను ఆజ్ఞ ఇవ్వలేదు, అది నా మనసుకే తోచలేదు అంటాడు. బిడ్డను తీసుకుని లెక్క సరిచేసుకోవడం తన ఆలోచనలోనే లేదన్న దేవునికి, మన కూటాల్లో ఆ ఆలోచన అంటగట్టడం నాకు పట్టరాని కోపం తెప్పిస్తుంది.

పూజ సంగతి. మీ అమ్మగారూ మీ అత్తగారూ ఒకరినొకరు సగం విన్నారు. హెబ్రీ పత్రిక "ఒక్కసారే" అంటుంది, మీ అత్తగారు దాన్ని గట్టిగా పట్టుకోవడం సరైనదే. ఆర్‌.సి.ఎం. వాళ్లూ దాన్ని కాదనరు. 1562లో వాళ్ల బిషప్పులు కూడిన ట్రెంట్ మహాసభే చెప్పింది, సిలువ మీద అర్పించుకున్న ఆ క్రీస్తే పూజలో రక్తం చిందకుండా అర్పింపబడతాడని. ఆయన్ని మళ్లీ చంపుతున్నామని ఏ ఫాదరూ చెప్పరు. ఆ ఒక్క బలి దగ్గరికి మనం మళ్లీ వెళ్లి నిలబడటం అని వాళ్ల నమ్మకం. ప్రొటెస్టంట్లు దీన్ని ఒప్పుకోరు, ఆ భేదం నిజమైనదే, నేను దాన్ని మాటలతో కప్పిపెట్టను. కానీ మీ అమ్మగారి భయం మాత్రం తీర్చవచ్చు. జ్ఞానస్నానం అందని పసిపాపలను దేవుని కనికరానికి అప్పగించమని 1992 నాటి కతోలిక సత్యోపదేశం చెబుతోంది. వాళ్ల రక్షణ గురించి ఆశ పెట్టుకోవడానికి గట్టి ఆధారాలున్నాయని 2007లో రోములో వేదాంత పండితుల సంఘం ఒక పత్రం కూడా వెలువరించింది. జ్ఞానస్నానం లేని పసివాళ్లు పరలోకానికి కాక లింబో అనే చోటికి వెళతారని పాతకాలంలో చెప్పుకున్నది ఎప్పుడూ విశ్వాససత్యంగా ప్రకటించినది కాదు. మీ అత్తగారి సంఘంలో పసిపిల్లలకు అసలు బాప్తిస్మమే ఇవ్వరు, కాబట్టి వాళ్ల లెక్కలో ఈ భయానికి చోటే లేదు. పాప దేవుని దగ్గరే ఉందని ఇద్దరు అమ్మమ్మానాయనమ్మలూ నమ్మవచ్చు. మీ అమ్మగారిని పూజ పెట్టించనివ్వండి. ఆమెకు ఏడవడానికి ఒక చోటు కావాలి. మీకు వెళ్లాలనిపిస్తే వెళ్లి పక్కన కూర్చోండి. అదే వారం మీ పాస్టరుగారిని ఇంటికి పిలిచి, వాక్యోపదేశం వద్దని ముందే చెప్పి, చిన్న ప్రార్థన చేయించుకోండి.

ఇక గొలుసు. మీరు మూడు వేరువేరు విషయాలను ఒకే మూటలో కట్టేశారమ్మా, దాన్ని విప్పాలి. ఇష్టపడిన మనిషిని పెళ్లి చేసుకోవడం పాపం కాదు. నాన్నగారు బతికుండగా వెళ్లలేకపోవడం దుఃఖం, అందులో మీ వంతు ఎంతో ఆయన వంతూ అంతే, ఆయనా కబురు పెట్టలేదు. గొలుసు తేవడం మాత్రం తప్పు. ఆ ఒక్కదానికి చేయగలిగింది ఉంది, అది మీ చేతిలో ఉంది.

లేవీయకాండము ఆరో అధ్యాయంలో, పొరుగువాడి సొమ్ము తీసుకున్నవాడు బలి తెచ్చే నాడే ఆ సొమ్ము తిరిగి ఇచ్చేయాలి, దానికి అయిదో వంతు కలిపి ఇవ్వాలి అని ఉంది. యేసూ అదే అన్నాడు: బలిపీఠం దగ్గర అర్పణ పెడుతుండగా నీ సహోదరుడికి నీ మీద ఏదైనా ఉందని గుర్తొస్తే, అర్పణ అక్కడే వదిలి ముందు వెళ్లి సమాధానపడు. పన్నులు వసూలు చేసే జక్కయ్య, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు ఇస్తానన్నాడు, ఎవరూ అడక్కుండానే. దేవుడు ఇంటికి అతిథిగా వచ్చిన సంతోషంలో ఆ మాట అన్నాడు. మీరు గొలుసు ఇస్తే దేవుడు మెచ్చి మళ్లీ బిడ్డను ఇస్తాడని ఇవ్వకండి, అలా ఇస్తే మళ్లీ ఆ పాత బేరంలోనే పడతారు. అది అమ్మది కాబట్టి అమ్మకు ఇచ్చేయండి. అయిదో వంతు సంగతి కాటా పెట్టి చూడక్కర్లేదు, మీకు వీలైతే ఒక చీర పట్టుకెళ్లండి.

ఫోన్లో చెప్పకండి. మీ ఆయనను వీధి చివర దింపేయమని చెప్పి, ఆ ఇంటికి ఒక్కరే వెళ్లండి. వంటింట్లో ఉంటే వంటింట్లోకే వెళ్లి చేతిలో పెట్టండి. పెద్ద మాటలేమీ అక్కర్లేదు. "తీసుకెళ్లాను, తప్పు చేశాను" అంటే చాలు. ఆమె తిడితే తిట్టనివ్వండి, మెడలో వేసి పంపిస్తే వేసుకుని రండి. కాసేపయ్యాక ఇద్దరూ కలిసి నాన్నగారి సమాధి దగ్గరికి వెళ్లండి. ఆయనతో అనాలనుకున్నది అక్కడ పైకే అనండి. ఆయన వింటారని మీ అమ్మగారి సంఘం చెబుతుంది, దేవుడు వింటాడని మీ అత్తగారి సంఘం చెబుతుంది. ఎవరు విన్నా ఫరవాలేదు.

ఉత్తరమంతా "పాప" అనే రాశారు. మనసులో ఏదో పేరు అనుకునే ఉంటారు, ఎనిమిది నెలలు మోసినవాళ్లు అనుకోకుండా ఉండరు. ఆ పేరు ముందు మీ అమ్మగారికి చెప్పండి, పూజలో ఫాదర్‌గారు ఆ పేరుతోనే తలుస్తారు. తర్వాత, మీకు ఇష్టమైతే, నాకూ రాయండి. మా తమ్ముడి పేరు పక్కన రాసుకుంటాను.